చుక్కను పంపించే ముందు మీ వారి ఇంజెక్షన్ సంగతి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కరీంనగర్ వైపు ఒక పల్లె. ఐదేళ్ళుగా స్పెయిన్‌లో, మాడ్రిడ్‌కి దక్షిణాన ఉన్న హెతాఫేలో ఉంటున్నాం. కింది అంతస్తు ఫ్లాట్, వెనక చిన్న పెరడు. ఫిబ్రవరిలో షెల్టర్ నుంచి ఒక ఆడ గాల్గోని తెచ్చుకున్నాం, వేటకి వాడుకుని వదిలేసిన జాగిలం. చుక్క అని పేరు పెట్టాం. కళ్ళ చుట్టూ బొచ్చు ఊడుతోందని చూపిస్తే రక్తం తీసి లీష్మేనియా పాజిటివ్ అన్నారు. మా బాబుకి రెండేళ్ళు, రోజంతా దాని మీదే పడి ఉంటాడు, మూతి నాకినా ఊరుకుంటాడు. మా అత్తగారు ఇక్కడికి వచ్చి ఉన్నారు. 2003లో మా వైపు పిల్లలు మెదడువాపుతో పోయింది కూడా ఇలాంటి పురుగు వల్లేనట కదా అంటూ కుక్కను పంపేదాకా ఊరుకునేలా లేరు. ఆఫీసులో బిహార్ అబ్బాయి ఇది కాలా అజార్, మనిషి బతకడు అన్నాడు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. జర్మనీలో ఉన్న ఫ్రెండ్ చుక్కను తీసుకుంటానంటోంది. పంపేయమంటారా? మా వారికి మాత్రం ఏ భయమూ లేదు. ఆయనకి వెన్ను కీళ్ళవాతం, రెండు వారాలకోసారి ఇంజెక్షన్ వేసుకుంటారు, రోజూ పొద్దుగూకాక చుక్కను తీసుకుని పార్కులో గంటసేపు నడిచి వస్తారు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం పొద్దున ఒకసారి చదివి, సాయంత్రం మళ్ళీ చదివాను. కుక్క గురించి, బాబు గురించి, అత్తగారి గురించి ఇన్ని లైన్లు రాశారు గానీ నన్ను ఆపేసింది మాత్రం చివరి వాక్యం. రెండు వారాలకోసారి ఇంజెక్షన్, పొద్దుగూకాక పార్కులో గంట నడక. నేను పశువుల డాక్టర్ని, మనుషుల వైద్యం నాది కాదు. కానీ మనిషికీ జంతువుకీ వచ్చే రోగం దగ్గర అది నా పని కాదని ఊరుకోలేను. అందుకని ముందు మీ వారి సంగతే చెప్తాను, చుక్క దగ్గరికి తర్వాత వద్దాం.

ఆ ఇంజెక్షన్ పెట్టె మీద పేరు చూడండి. వెన్ను కీళ్ళవాతానికి రెండు వారాలకోసారి అంటే చాలావరకు అడాలిముమాబ్ అయ్యుంటుంది. ఈ రకం మందులు ఒంట్లో టీఎన్‌ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకుంటాయి, దాంతో కీళ్ళ వాపు, నొప్పి తగ్గి మనిషి మళ్ళీ మామూలుగా తిరగగలుగుతాడు. మంచి మందే. అయితే లీష్మేనియా లాంటి పరాన్నజీవి ఒంట్లోకి చేరినప్పుడు దాన్ని ఒక మూల కట్టిపడేసి ఉంచడానికి కూడా ఆ టీఎన్‌ఎఫ్ కావాలి. మధ్యధరా సముద్రం చుట్టూ ఉండే దేశాల్లో ఈ పరాన్నజీవి సోకిన ఆరోగ్యవంతుల్లో ఎక్కువమందికి ఏమీ కాదు, సోకినట్టు కూడా తెలియదు. ఒంటికి కాపలా తగ్గినప్పుడే అది లేస్తుంది. 1980ల చివర, 1990లలో స్పెయిన్, ఇటలీ, ఫ్రాన్స్, పోర్చుగల్ దేశాల్లో హెచ్ఐవీ ఉన్నవాళ్ళలో ఈ రోగం అలాగే బయటపడింది, హెచ్ఐవీకి మంచి మందులు వచ్చాక తగ్గింది. ఆ తర్వాత ఇప్పుడు అక్కడి డాక్టర్లు దీన్ని చూస్తున్నది అవయవ మార్పిడి అయినవాళ్ళలో, ఇదిగో ఇలా కీళ్ళవాతానికో పేగుల వాపుకో ఇలాంటి ఇంజెక్షన్లు తీసుకునేవాళ్ళలో.

టెన్షన్ పడి ఆ ఇంజెక్షన్ మీ అంతట మీరు ఆపేయకండి, అది ఇంకో సమస్య తెస్తుంది. చెయ్యాల్సింది ఒకటే. వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆయన చూపించుకునే రుమటాలజీ డాక్టర్‌కి రెండు ముక్కలు చెప్పాలి: ఇంట్లో కుక్కకి లీష్మేనియా ఉంది, మేం ఉండేది హెతాఫేలో. ఆ ఊరి పేరు వినగానే ఆ డాక్టర్‌కి మిగతాది అర్థమవుతుంది, ఎందుకో కింద చెప్తాను. రక్తపరీక్ష చేయించాలా, ఎన్నాళ్ళకోసారి చూడాలా అన్నది ఆ డాక్టర్ నిర్ణయిస్తారు. ఇంట్లో మీరు చూసుకోవాల్సినవి ఇవి: వారం దాటినా తగ్గకుండా వచ్చిపోయే జ్వరం, రాత్రిళ్ళు చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎడమ పక్కటెముకల కింద బరువుగా అనిపించడం (అక్కడ ప్లీహం ఉబ్బుతుంది), రక్తపరీక్షలో ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ కలిసి పడిపోవడం. వీటిలో ఏది కనిపించినా ఫ్లూ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు.

ఇంకొకటి, ఇది నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. ఈ రోగాన్ని మోసేది ఒక చిన్న పురుగు, అది కుట్టిన నెలల తర్వాత కూడా రోగం బయటపడొచ్చు. అంటే మీరు సంక్రాంతికి ఇండియా వచ్చినప్పుడు కరీంనగర్‌లోనే ఆయనకి జ్వరం మొదలు కావొచ్చు. అక్కడి డాక్టర్ ముందు టైఫాయిడ్, మలేరియా, టీబీ చూస్తారు, అది సరైన పద్ధతే, తెలంగాణలో ఈ రోగం అలవాటుగా ఉండేది కాదు కాబట్టి దాని ఆలోచన రావడం కష్టం. మేం మాడ్రిడ్ దగ్గర ఉంటాం, అక్కడ లీష్మేనియా ఉంది, ఫలానా ఇంజెక్షన్ తీసుకుంటున్నాను అని మీ వారే నోరు తెరిచి చెప్పాలి. ఆ ఒక్క మాటతో మూలుగ పరీక్షో, ఇంకో పరీక్షో చేసి పట్టేస్తారు. పట్టుకుంటే లైపోసోమల్ యాంఫోటెరిసిన్ అనే, నరంలోకి ఎక్కించే మందు బాగా పనిచేస్తుంది. పట్టుకోకపోతేనే ప్రాణం మీదికి వస్తుంది. మీ ఆఫీసు అబ్బాయి అన్న మాట వైద్యం అందని మనిషి విషయంలో నిజం, వైద్యం అందిన మనిషి విషయంలో కాదు.

సరే, ఆ అబ్బాయి దగ్గరికే వద్దాం. అతను బిహార్‌లో చూసింది వేరే రకం. అది లీష్మేనియా డోనోవాని, మనిషి నుంచి పురుగుకి, పురుగు నుంచి మనిషికి తిరుగుతుంది, దాంట్లో కుక్కకి పాత్ర లేదు. మద్రాసు జనరల్ ఆస్పత్రిలో చార్లెస్ డోనోవాన్, కలకత్తా దగ్గరి డమ్‌డమ్ నుంచి తిరిగి వెళ్ళిన సైనికుడి ప్లీహంలో విలియం లీష్మన్ దీన్ని చూసినట్టు 1903లో విడివిడిగా ప్రకటించారు, అందుకే ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు. స్పెయిన్‌లో ఉన్నది లీష్మేనియా ఇన్ఫాంటం, పసిపిల్లల్లో కనిపించిందని ఆ పేరు. 1908లో ట్యూనిస్‌లో చార్లెస్ నికోల్ పిల్లల్లోనూ కుక్కల్లోనూ ఒకే పరాన్నజీవి ఉందని చూపించారు. దక్షిణ ఐరోపాలో ఇది ముఖ్యంగా కుక్కలను పట్టుకుని బతికే రోగం, పురుగు ద్వారానే అప్పుడప్పుడు మనిషికి వస్తుంది.

ఆ పురుగును మనవాళ్ళు ఇసుక ఈగ అంటారు, ఇంగ్లీషులో శాండ్ ఫ్లై. ఈగ అనగానే ఇంట్లో ముసిరే ఈగను ఊహించుకోకండి. రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, దోమలో మూడో వంతు, గోధుమ రంగు, ఒళ్ళంతా నూగు. వాలినప్పుడు రెక్కలు వెనక్కి ముడుచుకోకుండా పైకి లేపి ఇంగ్లీషు వీ అక్షరంలా పెట్టుకుంటుంది, అది చూసి గుర్తుపట్టాలి. నేను చదువయ్యాక రెండేళ్ళు ఇటలీలో నేపుల్స్ దగ్గర ఒక క్లినిక్‌లో పనిచేశాను. అక్కడి ముసలాయన ఒకరు బాత్రూమ్ గోడ మీద టార్చి వేసి మొదటిసారి నాకు దాన్ని చూపించారు. వేలు దగ్గరికి తెచ్చేసరికి ఎగిరిపోలేదు, పక్కకి గెంతింది, ఇంకో జానెడు దూరంలో మళ్ళీ వాలింది. అలా చిన్న చిన్న గెంతులే దాని నడక. చప్పుడు ఉండదు. ఇటలీలో దీన్ని పప్పతాచి అంటారు, తిని నోరు మూసుకునేది అని అర్థం. దోమ చెవి దగ్గర పాడి మనల్ని లేపుతుంది, ఇది లేపదు.

చుక్క నాలుక వల్ల మీ బాబుకి ఈ రోగం రాదు. కరిచినా రాదు, పక్కలో పడుకున్నా రాదు, దాని బొచ్చు మీద చెయ్యి వేసినా రాదు. ఆడ ఇసుక ఈగ చుక్కను కుట్టి రక్తం తాగాలి, ఆ రక్తంలో వచ్చిన పరాన్నజీవి దాని కడుపులో కొన్ని రోజులు పెరగాలి, అప్పుడు అదే ఈగ ఇంకొకరిని కుట్టాలి. ఈ గొలుసు ఎక్కడ తెంపినా చాలు. మీ అత్తగారు గొలుసులో కుక్కను తీసేద్దామంటున్నారు. నేను ఈగను తీసేద్దామంటున్నాను, ఎందుకంటే కుక్కను తీసేసినా ఈగ మీ పెరట్లోనే ఉంటుంది, దానికి రక్తం ఇచ్చే జంతువులు పార్కులో చాలానే ఉంటాయి.

ఇది మాటవరసకు చెప్పడం లేదు. మీ పక్క ఊరు ఫుయెన్‌లబ్రాదాలో జరిగింది. 2009 జూలై నుంచి 2012 చివరి దాకా అక్కడ, దాని చుట్టుపక్కల లెగానెస్, మీ హెతాఫే, ఉమానెస్‌లలో 446 మందికి లీష్మేనియా వచ్చింది. అందులో 160 మందికి లోపలి అవయవాలకు పట్టేది, మిగతావాళ్ళకు చర్మం మీద వచ్చేది. ఐరోపాలో ఒక్కచోట అంతమందికి రావడం అప్పటిదాకా ఎరగరు. మొదట అందరూ కుక్కల్నే పరీక్షించారు. కుక్కల్లో పెరగలేదు! మరి ఎక్కడిది అని వెతుక్కుంటూ పోతే కుందేళ్ళు దొరికాయి. ఊళ్ళ అంచున కొత్తగా బోస్కేసూర్ అనే పెద్ద పార్కు వేశారు, ఇళ్ళు దాదాపు దాని గట్టు దాకా వచ్చేశాయి, లోపల వేట లేదు, వాటిని తినే జంతువులు లేవు, చెవుల పిల్లులు, అడవి కుందేళ్ళు విపరీతంగా పెరిగాయి. ఇసుక ఈగలు వాటి బొరియల్లో కాపురం పెట్టాయి. అడవి కుందేళ్ళను పట్టుకొచ్చి లేబొరేటరీలో పెంచిన ఈగలతో కుట్టించి చూస్తే, ఆరోగ్యంగా కనిపిస్తున్న కుందేళ్ళే ఈగలకి పరాన్నజీవిని ఎక్కించాయి. తర్వాత కుందేళ్ళను పట్టి తగ్గించారు, పొదలు, చెత్త తీయించారు, కేసులు తగ్గాయి. పూర్తిగా పోలేదు. మీ వారు పొద్దుగూకాక నడిచేది ఆ పార్కు వైపేనేమో అని నాకు భయంగా ఉంది. నడక మానమనను, వెన్ను నొప్పి మనిషికి నడక కావాలి. పొద్దున పూటకి మార్చుకోమంటాను, ఈ వారమే.

ఇటలీలో కూడా ఇలాంటిదే ఇంకోచోట నడుస్తోంది. బొలోన్యా చుట్టుపక్కల 2012, 2013 నుంచి మనుషుల్లో కేసులు ఎక్కువయ్యాయి. అక్కడ మనుషుల్లో దొరికిన రకం, కుక్కల్లో దొరికిన రకం ఒకటి కాదని జన్యు పరీక్షల్లో తేలింది. ఒకప్పుడు ఈ రోగం ఇటలీ దక్షిణాన, సముద్రం పక్కన ఉండేది. 1990ల నుంచి ఈగలూ, రోగం ఉన్న కుక్కలూ ఆల్ప్స్ కొండల పాదాల దాకా కనబడుతున్నాయి. చలికాలాలు మెత్తబడ్డాయి, వేసవి పొడుగైంది, కుక్కలు మనుషులతో పాటు కార్లలో, విమానాల్లో తిరుగుతున్నాయి. ఇన్ని కారణాలున్న చోట మీ ఇంట్లో ఒక్క చుక్క మీద నేరం మోపితే ఆ మూగజీవికి అన్యాయం చేసినట్టే, అంతకంటే ముఖ్యం మీకు లేనిపోని ధైర్యం ఒకటి వస్తుంది. కుక్క వెళ్ళిపోయింది కదా అని కిటికీలు తీసి పడుకుంటారు.

మీ అత్తగారి సంగతి. ఆమెను తీసిపారేయకండి. 2003లో మన ఉమ్మడి రాష్ట్రంలో 329 మంది పిల్లలకు ఆ మెదడువాపు వచ్చి 183 మంది పోయారు. చాందీపురా వైరస్ అని తేలింది, దాన్ని మోసేది ఇసుక ఈగే అని చెప్పారు. పొద్దున ఆడుకున్న పిల్లాడు మర్నాటికి లేకుండా పోవడం చూసిన తరం ఆమెది. ఆ భయంలో అబద్ధం లేదు. అయితే అది వైరస్, ఇది పరాన్నజీవి, అది గంటల్లో మనిషిని లాగేస్తుంది, ఇది నెలల తరబడి నెమ్మదిగా నడుస్తుంది, పట్టుకుని వైద్యం చెయ్యడానికి టైమ్ ఇస్తుంది. ఆ తేడా ఆమె పక్కన కూర్చుని చెప్పండి. మీరు భయపడుతున్న పురుగు సరైనదే అత్తయ్యా, దాన్ని ఇంట్లోకి రాకుండా చేద్దాం అని ఆమెను మీ వైపు కలుపుకోండి. పొద్దు వాలగానే తలుపులు వేసే పని ఆమెకి అప్పజెప్పండి, ఇంట్లో ఎవరూ అంత శ్రద్ధగా చెయ్యరు.

ఇంటి సంగతులు. స్పెయిన్‌లో మే నుంచి అక్టోబరు దాకా ఈ ఈగల కాలం, సూర్యాస్తమయం నుంచి తెల్లవారేదాకా తిరుగుతాయి. చుక్క ఆ వేళల్లో పెరట్లో ఉండకూడదు, రాత్రి పడక ఇంట్లోనే. మామూలు దోమతెర కన్నాల్లోంచి ఈ ఈగ సులువుగా దూరిపోతుంది, దాని కంటే సన్నటి అల్లిక ఉన్న తెర అడిగి తెచ్చుకోండి, లేదా మందు పట్టించిన తెర. బాబు మంచానికి మొదట అది కట్టండి. మీది కింది అంతస్తు, ఈ ఈగలు ఎత్తుకి ఎగరలేవు కాబట్టి పై అంతస్తుల వాళ్ళకంటే మీకే బెడద ఎక్కువ. ఫ్యాన్ పెట్టుకోండి, ఆ గాలికి అది నిలబడలేదు, ఇంత చిన్న ఉపాయం ఇంత పనిచేస్తుందని చాలామంది నమ్మరు. మనకి డెంగీ రోజుల నుంచి కూలర్లో నీళ్ళు పారబోయడం, కుండీల కింద పళ్ళేలు తుడవడం అలవాటు. దోమలకి అది మంచిదే, దీనికి మాత్రం పనికిరాదు, ఇది నీళ్ళల్లో గుడ్లు పెట్టదు. తడి మట్టి, రాలిన ఆకులు, గోడ పగుళ్ళు, కుళ్ళిన చెత్త ఉన్న చోట పెడుతుంది. పెరట్లో ఆకుల కుప్ప ఉంటే తీసేయండి, గోడ పగుళ్ళు పూడ్పించండి.

ఇప్పుడు చుక్క. ముందు మెడకి పట్టీ. డెల్టామెత్రిన్ ఉన్న పట్టీ వెటర్నరీ డాక్టర్ దగ్గర దొరుకుతుంది, కట్టిన రోజు నుంచే పూర్తిగా పనిచెయ్యదు, ఒకటి రెండు వారాలు పడుతుంది, ఎన్ని నెలలకి మార్చాలో పెట్టె మీద రాసి ఉంటుంది, ఆ తేదీ ఫోన్‌లో పెట్టుకోండి. రోగం వచ్చాక పట్టీ ఎందుకు అనుకోకండి. వచ్చిన కుక్కకే పట్టీ ఇంకా అవసరం, దాన్ని ఈగ కుట్టకపోతే దాని నుంచి ఎవరికీ పోదు. ఇరాన్ వాయవ్య ప్రాంతపు పల్లెల్లో కుక్కలకు ఈ పట్టీలు కట్టి చూశారు, 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. పట్టీ కట్టిన ఊళ్ళలో కుక్కలకే కాదు, పిల్లలకు సోకడం కూడా తగ్గింది. పిల్లలకి విడిగా ఏమీ చెయ్యలేదు, కుక్క మెడకి పట్టీ కట్టారు, అంతే. ఇది చదివినప్పటి నుంచి నేను ప్రతి ఇంట్లోనూ ఇదే చెప్తున్నాను. పట్టీని బాబు నోట్లో పెట్టుకోకుండా చూడండి. మెడ మీద చుక్కలుగా వేసే మందులు కొన్నిటిలో పెర్మెత్రిన్ ఉంటుంది, ఇంట్లో పిల్లి ఉంటే వాడొద్దు, పిల్లులకి అది ప్రాణాంతకం.

వైద్యం గురించి మీ డాక్టర్ చెప్పే ఉంటారు, అయినా మీకు అర్థమయ్యేట్టు చెప్తాను. రెండు రకాల మందులు కలిపి ఇస్తారు. ఒకటి నాలుగు వారాల పాటు, అది రోజూ చర్మం కింద వేసే యాంటిమొనీ ఇంజెక్షన్ కావొచ్చు, లేదా అన్నంలో కలిపి పెట్టే మిల్టెఫోసిన్ కావొచ్చు. రెండోది అల్లోప్యూరినాల్ మాత్ర, నెలల తరబడి. మీ నాన్నగారికో మామగారికో యూరిక్ యాసిడ్ ఉంటే ఆ పేరు మీకు తెలిసే ఉంటుంది, అదే మాత్ర. మిల్టెఫోసిన్ ఇస్తే గ్లవ్స్ వేసుకునే ఇవ్వండి, కుక్క వాంతి చేసుకుంటే గ్లవ్స్‌తోనే తుడవండి. కడుపులో బిడ్డ ఉన్నవాళ్ళు ఆ మందు ముట్టుకోకూడదు. మీరు రెండో బిడ్డ ఆలోచనలో ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పి ఇంజెక్షన్ వైపు వెళ్ళండి. అల్లోప్యూరినాల్ వాడే కుక్కలకి మూత్రంలో ఒక రకం రాళ్ళు వస్తాయి, అందుకని కార్జం, గుండె, సార్డీన్ చేపలు పెట్టకండి, నీళ్ళు బాగా తాగేట్టు చూడండి. ఆదివారం మటన్ తెచ్చినప్పుడు ప్రేమ కొద్దీ కార్జం ముక్క చుక్కకి వేస్తుంటే అది ఆపాలి.

పరాన్నజీవి చుక్క ఒంట్లోంచి పూర్తిగా పోతుందని చెప్పను, చాలా కుక్కల్లో పోదు. కానీ బొచ్చు తిరిగి వస్తుంది, బరువు పెరుగుతుంది, చాలా కుక్కలు ఏళ్ళ తరబడి హాయిగా బతుకుతాయి. తేల్చేది కిడ్నీలే. నేపుల్స్‌లో నేను పనిచేసిన క్లినిక్‌కి ఒక వేటకుక్కను తెచ్చారు. చర్మం పొడి పొడిగా రాలుతోంది, చెవుల అంచులు పొలుసులు కట్టాయి, గోళ్ళు ఎంత పెరిగాయంటే టైల్స్ మీద నడుస్తుంటే టకటకమని వినిపించేది, వేళ్ళు పక్కకి ఒరిగిపోయేవి. అంతకు ముందు ఎనిమిది నెలలుగా వేరే చోట చర్మానికి ఎలర్జీ అని స్టెరాయిడ్లు ఇస్తూ వచ్చారు. మేం రక్తం తీసి లీష్మేనియా అని చెప్పి మందులు మొదలుపెట్టాం, సంతోషపడ్డాం. మూత్రంలో ప్రొటీన్ పోతోందా అన్నది మొదటి రోజు చూడలేదు, నేను చూడలేదు. మూడు వారాలకి అది తినడం మానేసింది, అప్పటికి కిడ్నీలు అయిపోయాయి. దాని యజమాని ఆ మెడపట్టీ చేతికి చుట్టుకుని బయట బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఏ కుక్కకైనా పాజిటివ్ వస్తే నేను అడిగే మొదటి మాట యూరిన్ ప్రొటీన్ ఎంత అని. మీ ఉత్తరంలో ఆ సంఖ్య లేదు, రక్తపరీక్ష ఒక్కటే రాశారు.

ఇక జర్మనీ. మీ ఫ్రెండ్ మనసు మంచిదే. ఐరోపాలో కుక్క దేశం దాటాలంటే చిప్, రేబిస్ టీకా, పాస్‌పోర్ట్ చాలు, లీష్మేనియా పరీక్ష అడగరు. నైరుతి ఐరోపాలో పాతిక లక్షల కుక్కలకు ఇది సోకి ఉండొచ్చని పాత అంచనా ఒకటుంది, వాటిలో ఎన్నో షెల్టర్ల నుంచి ఉత్తరానికి వెళ్ళాయి, చాలావాటికి ఉన్నట్టు కూడా తెలియకుండా. దక్షిణ జర్మనీలో కొన్ని రకాల ఇసుక ఈగలు ఇప్పటికే ఉన్నాయి. అక్కడ ఈ రోగం మీ ఊళ్ళో అంత చూసిన డాక్టర్లు తక్కువ. స్పెయిన్‌లో మీ వీధి చివర వెటర్నరీ డాక్టర్ కూడా రోజూ చూసే రోగం ఇది, ఏ మందు ఎంత, ఎప్పుడు ఆపాలి అన్నది వాళ్ళకి కొట్టిన పిండి. వైద్యం మధ్యలో కుక్కను అక్కడికి పంపడం నాకు ఇష్టం లేదు. ఒకసారి వేటగాడు వదిలేసిన కుక్క, అది మళ్ళీ మీ కారు వెనక సీట్లోంచి మీ వైపే చూస్తూ వెళ్ళడం కూడా నాకు ఇష్టం లేదు, ఇది వైద్యం మాట కాదు, నా మాట. అయినా మీ వారి రుమటాలజీ డాక్టర్ ఆయన పరిస్థితి చూసి వద్దంటే ఆ మాటే పైమాట, అప్పుడు నన్ను పక్కన పెట్టేయండి. అలాంటప్పుడు మీ ఫ్రెండ్‌కి రిపోర్టులన్నీ ఇచ్చి, మందుల లెక్క రాసిచ్చి, మొదటి నాలుగు వారాల వైద్యం అయ్యాకే పంపండి.

బాబుకి ఏ జబ్బూ లేకుండా ఆడుకుంటున్నంత కాలం ఊరికే రక్తం తీయించక్కర్లేదు. పసిపిల్లలకి ఇది పెద్దవాళ్ళకంటే తొందరగా పట్టే మాట నిజమే, అందుకే మంచానికి తెర ముందు కట్టమన్నాను. వారం దాటిన జ్వరం, మొహం పాలిపోవడం, పొట్ట ఉబ్బడం, వీటిలో ఏది కనిపించినా పిల్లల డాక్టర్‌కి కుక్క సంగతి చెప్పి చూపించండి. మొహం మీదో చేతి మీదో నొప్పి లేని చిన్న బొడిపె వచ్చి నెలలు దాటినా మానకపోతే అది కూడా చూపించండి, చర్మానికి వచ్చేది అలాగే మొదలవుతుంది, అది మానిపోయే రకమే.

రేపు పొద్దున చుక్క లేవగానే మొదటి మూత్రం ఒక శుభ్రమైన డబ్బాలో పట్టి క్లినిక్‌కి తీసుకెళ్ళండి. ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి చూడమని అడగండి. రిపోర్టులో ఆ నిష్పత్తి 0.5 లోపు ఉంటే మనం మంచి చోటి నుంచి మొదలుపెడుతున్నట్టు. అంతకంటే ఎక్కువుంటే బీపీ కూడా చూసి, కిడ్నీకి మందు, తిండి మార్పు అదే రోజు మొదలుపెట్టమని అడగండి, తర్వాత నెలకోసారి, ఆ పైన మూడు నెలలకోసారి అదే పరీక్ష. ఆ సంఖ్య, మీ వారి ఇంజెక్షన్ పేరు, రుమటాలజీ డాక్టర్ ఏమన్నారన్నది, ఈ మూడూ నాకు రాయండి. మిగతాది అవి చూసి చెప్తాను.